డాబా తాళం చెవి ఎవరి దగ్గరుంది?

మా అపార్ట్‌మెంట్‌లో డాబా తలుపుకి తాళం వేయించింది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాదంతా రాయడం నాకు కాస్త తేలికవుతుంది.

మూడేళ్ళ కిందట వేసవిలో గుమ్మడి వడియాలు పెట్టాను. రెండో రోజు మధ్యాహ్నానికి కోతుల మంద దిగింది. తిన్నన్ని తిని, మిగిలినవి తొక్కి, నా పాత నేత చీర చింపి, ఓరగా ఉన్న తలుపు తోసుకుని మెట్ల మీదుగా మా నాలుగో అంతస్తు దాకా వచ్చేశాయి. ఆ వారమంతా సెక్రటరీగారు ఎప్పుడు కనిపిస్తే అప్పుడు నేను అదే పాట. ఆయన విసుగెత్తి ఆదివారం నాడు గుప్పెడంత తాళం కొని వేయించారు. చెవి వాచ్‌మన్ గదిలో మేకుకి తగిలించారు. వాచ్‌మన్ గది ఎక్కడా? కింద, స్టిల్టులో, కరెంటు మీటర్ల బోర్డు పక్కన. డాబా ఆరో మెట్టుమీద, చెవి నేలమీద. ఆ రోజున మాలో ఒక్కరికీ అందులో తప్పేమీ కనిపించలేదు. నేనైతే కోతుల బాధ వదిలిందని అందరికీ పాయసం పంచాను.

మాది కూకట్‌పల్లి వైపు. స్టిల్టు మీద ఐదంతస్తులు, 20 ఫ్లాట్లు, ఒకటే మెట్లదారి, ఒకటే లిఫ్టు. హైదరాబాదులో ఇలాంటివి వీధికి పది ఉంటాయి. మీలో చాలామంది ఉండేదీ ఇలాంటి దాంట్లోనే అనుకుంటా.

పోయిన శ్రావణంలో ఒక మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర. అన్నాలు తిని అత్తయ్యగారు నడుం వాల్చారు. నేను శనగలు నానబోసి వంటింట్లోంచి వస్తుంటే ఏదో కాలిన వాసన. ముందు మా పొయ్యి చూసుకున్నాను, తర్వాత ఇస్త్రీ పెట్టె చూశాను. వీధి తలుపు తీశాను. మెట్లలోంచి నల్లటి పొగ, తాపీగా, ఎవరో పిలిస్తే వస్తున్నట్టు పైకి వస్తోంది.

అప్పుడు నేను చేసినవన్నీ వరసగా చెబుతాను. తలుపు బార్లా తీసి పెట్టాను. అత్తయ్యగారిని లేపాను. ఆవిడకి 78 ఏళ్ళు, మోకాలి ఆపరేషన్ అయింది. లిఫ్టు బటన్ నొక్కాను. అప్పటికే కరెంటు పోయింది కాబట్టి అది రాలేదు. ఆ క్షణంలో కరెంటుని తిట్టుకున్నాను, తర్వాత దణ్ణం పెట్టుకున్నాను. ఎందుకంటే అది వచ్చి ఉంటే ఆవిడని తీసుకుని కచ్చితంగా ఎక్కేదాన్నే, మధ్యలో ఆగిపోయేవాళ్ళం. కిందికి వెళ్ళలేం కనక ఆవిడ రెక్క పట్టుకుని పైకి నడిపించాను. పైన అప్పటికే ఎనిమిదిమంది ఆడవాళ్ళు, ముగ్గురు పిల్లలు, ఒక పనమ్మాయి. అందరం దగ్గుతూ నేను వేయించిన తాళం వైపు చూస్తూ నిలబడ్డాం.

అదే సమయంలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో హోరాహోరీగా సమాచారం నడుస్తోంది. “మీటర్ బోర్డులో మంట. ఎవరూ లిఫ్టు వాడవద్దు.” “ఫైర్ వాళ్ళకి ఫోన్ చేశాను.” “అందరూ క్షేమమేనా?” ఇంగ్లీషులో, ఎంతో బాధ్యతగా. కానీ ఫ్లాటుకి ఒక్క నంబరే అని మా వాళ్ళ నియమం. 20 నంబర్లలో 17 మగవాళ్ళవి. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు, లిఫ్టు ఎక్కవద్దని ఒకరికొకరు చెప్పుకున్నారు. మా వారు మీటింగులో ఉండి ఆ మెసేజి 40 నిమిషాల తర్వాత చూశారు.

మంట ఆర్పింది వాచ్‌మన్, అతని భార్య. అతను మెయిన్ దింపాడు. రెండో అంతస్తు బాల్కనీలోంచి ఎవరో “నీళ్ళు పొయ్యి, నీళ్ళు పొయ్యి” అని అరుస్తుంటే ఆమె వినిపించుకోకుండా, పక్క సైటులో పోసి ఉన్న ఇసక బుట్టతో తెచ్చి చల్లింది. పుట్టింటి దగ్గర మోటారు మీద నీళ్ళు పడి షాకు కొట్టి ఒకతను పోవడం ఆమె కళ్ళారా చూసిందట. గోడకి ఎర్ర సిలిండరు వేలాడుతూనే ఉంది. అదెందుకు తియ్యలేదని తర్వాత అడిగాను. “పిల్లలు ఆడతారు, ముట్టుకోనివ్వొద్దని సార్ చెప్పారమ్మా. అందుకే తీగతో కట్టేశాం” అన్నాడు వాచ్‌మన్. అతనికి ఆ వస్తువు గురించి ఎవరైనా చెప్పిన సమాచారం అదొక్కటే.

పావుగంటలో పొగ తగ్గింది. మూడొందల రెండు పిన్నిగారు మాత్రం మెట్లలో కూలబడిపోయారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికొచ్చారు గానీ, ఇప్పటికీ మధ్యాహ్నం పూట తలుపు వేసుకుని పడుకోలేరు.

ఫైరింజను వచ్చేసరికి మంట లేదు. కానీ వాళ్ళలో పెద్దాయన ఒకరు వెంటనే వెళ్ళిపోలేదు. మెట్లన్నీ ఎక్కి చూసి, తిరిగి దిగుతూ, ఇంకా వణుకుతూ నిలబడ్డ మాతో పది నిమిషాలు మాట్లాడారు. “అమ్మా, మంట కన్నా ముందు పొగ చంపుతుంది. ఈ మెట్లదారి పొయ్యి గొట్టం లాంటిది. కింద పుట్టిన పొగంతా ఇందులోంచే పైకి పోతుంది. మీరు ఆ గొట్టంలోకే వచ్చి నిలబడ్డారు. మెట్లలో పొగ లేకపోతే కిందికి దిగి బయటికి పోవాలి. పొగ నిండిపోయి ఉంటే ఇంట్లోనే ఉండి తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కుక్కి, బాల్కనీలోకి వచ్చి మేం చూసేలా పిలవాలి. డాబా తలుపు మూసి ఉంటే పొగకీ దారి లేదు, మీకూ దారి లేదు” అన్నారు.

పదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. మెయింటెనెన్స్ ఒక్క నెల ఆపలేదు. నా ప్రాణానికి పనికొచ్చే మాట ఆ పదేళ్ళలో నాకు ఎవరైనా చెప్పిందంటే ఆ పది నిమిషాలే.

అసలు కథ ఆ తర్వాతి ఆదివారం మీటింగులో బయటపడింది. మీటర్ల దగ్గర వైర్లు వేడెక్కుతున్నాయని, అందరూ ఏసీలు పెట్టించుకున్నాక ఆ బోర్డు మోయలేకపోతోందని, మార్చాలని ఎలక్ట్రీషియన్ ఉగాదికి ముందే చెప్పాడట. ఎంతవుతుందో కాగితం మీద రాసి కూడా ఇచ్చాడట. కమిటీలో నలుగురికి తెలుసు. రెండు ఫ్లాట్లు అమ్మకానికి ఉన్నాయి కదా, ఇప్పుడిది బయటపెడితే రేటు పడిపోతుందని, వర్షాలయ్యాక చూద్దామని పక్కన పెట్టారు. “ముందే చెబితే ఇంట్లో ఆడవాళ్ళు కంగారు పడతారు కదండీ” అన్నారు ప్రెసిడెంటుగారు, మా మంచికే అన్నట్టుగా.

తెలిసిన ఆ నలుగురిలో మా వారు ఒకరు. ఆయన ట్రెజరర్.

ఆ రాత్రి నేను పెద్దగా గొడవ పడలేదు. ఒక్కటే అడిగాను, “నాకెందుకు చెప్పలేదు?” అని. “చెబితే నువ్వు నిద్రపోవు” అన్నారు. నిజమే, నిద్రపోయేదాన్ని కాదు. మర్నాడే వాచ్‌మన్ గదిలోంచి తాళం చెవి పైకి తెచ్చుకునేదాన్ని. మీటర్ల కింద పేర్చిన పాత పేపర్లు, విరిగిన కుర్చీలు తీయించేదాన్ని. ఆ మధ్యాహ్నం వాసన వచ్చినప్పుడు పొయ్యి, ఇస్త్రీ పెట్టె చూసుకుంటూ మూడు నిమిషాలు పోగొట్టుకునేదాన్ని కాదు. ఆయన చెడ్డవారు కాదు. మనసు నొప్పించకూడదనుకునే మనిషి. కానీ నా నిద్ర కాపాడబోయి తన తల్లి ప్రాణం మీదికి తెచ్చారు. ఎవరినీ అడక్కుండా తాళం వేయించిన నేనూ అంతే చేశాను. ఆయన ఒక మాట దాచారు, నేను ఒక దారి మూశాను. ఇద్దరం మంచికే చేశామనుకున్నాం.

అందుకే నాకిప్పుడు గట్టిగా అనిపిస్తున్నది ఇది. భవనం క్షేమం గురించిన కబురు ఆ భవనంలో పగలంతా ఉండేవాళ్ళకి ముందు చేరాలి. సంతకాలు పెట్టేవాళ్ళకీ, డబ్బులు కట్టేవాళ్ళకీ తర్వాత. పగలు అపార్ట్‌మెంట్లో ఉండేదెవరు? మనం, అత్తగార్లు, మామగార్లు, బడికి వెళ్ళని పిల్లలు, పనిమనుషులు, వాచ్‌మన్ కుటుంబం. వీళ్ళలో ఎవరూ గ్రూపులో ఉండరు. సర్క్యులర్ ఇంగ్లీషులో ఉంటుంది. అది లిఫ్టు పక్కన బోర్డు మీద, పోయిన వినాయక చవితి చందాల లెక్క కింద ఉంటుంది. “మేం చెప్పాం” అనడానికి అది చాలు. మాకు తెలియడానికి మాత్రం చాలదు.

“ఆడవాళ్ళు కంగారు పడతారు” అనే మాట గురించి కూడా చెప్పాలి. ఆ రోజు మేం కంగారు పడ్డది ఎక్కువ తెలిసి కాదు, ఏమీ తెలియక. తెలిసిన ఒక్క మనిషి, ఆ వాచ్‌మన్ భార్య, కంగారు పడలేదు. ఇసక తెచ్చింది. వంటింట్లో నూనె మూకుడు అంటుకుంటే నీళ్ళు పొయ్యకుండా మూత పెట్టి పొయ్యి కట్టేసేది మనమే. గ్యాసు వాసనొస్తే మీట వెయ్యకూడదు, వేసి ఉన్నది తియ్యకూడదు, రెగ్యులేటర్ ఆపి కిటికీలు తలుపులు తియ్యాలి, బయటికి వచ్చి 1906కి ఫోన్ చెయ్యాలి అని తెలిసిన ఇల్లాలు చేసేది అదే. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలబారుగా పరుచుకుంటుంది అని ఒక్కసారి చెబితే, చీపురు పెట్టి తోసినట్టు దాన్ని గుమ్మం బయటికి పోనివ్వాలని ఎవరికైనా అర్థమవుతుంది. “చెయ్యకూడదు” అని ఊరికే చెబితే మరిచిపోతాం. ఎందుకో చెబితే గుర్తుంటుంది. పిల్లలకి మనం చెప్పే పద్ధతే ఇది.

ఇదేదో మా ఒక్క అపార్ట్‌మెంట్ భాగోతం అయితే ఇంత రాసేదాన్ని కాదు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. జనం కాపురాలున్న భవనం, కింద రసాయనాల డ్రమ్ములు. కింద మంట పుట్టి పై అంతస్తుల్లో తొమ్మిది మంది పోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు, సెలవులకి బంధువుల ఇంటికి వచ్చిన వాళ్ళతో సహా. ఇరుకు మెట్లదారి, నిండిపోయిన పొగ. కింద ఏముందో, పొగ ఎటు పోతుందో, ఇంకో దారి ఉందో లేదో అనే ఈ మూడు సంగతులు పైన నిద్రపోయేవాళ్ళకి తెలియాలి కదా.

మన దగ్గర నివాస భవనం ఎత్తు 18 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలి. మా లాంటి ఐదంతస్తులవి దాని కిందే ఉండిపోతాయి. అంటే బయటినుంచి ఎవరో వచ్చి చూసి చెబుతారని కూర్చుంటే కుదరదు. మనకి మనమే చెప్పుకోవాలి.

మా చెల్లెలు లండన్‌లో ఒక పెద్ద బ్లాకులో ఉంటుంది. నేను ఫోన్లో ఇదంతా చెప్పి ఏడిస్తే, వాళ్ళకి ఏటేటా వచ్చే కాగితం ఒకటి చదివి వినిపించింది. మంట వస్తే ఎవరికి ఎలా చెప్పాలి, ఇంట్లో ఉండాలా బయటికి రావాలా, ఏ తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి, అన్నీ చిన్న చిన్న మాటల్లో ఉన్నాయి. ఆ కాగితం వెనక పెద్ద శోకమే ఉంది. 2017 జూన్ 14 తెల్లవారుజామున అక్కడ గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనం కాలి 72 మంది పోయారు. నాలుగో అంతస్తు వంటింట్లో ఫ్రిజ్జు దగ్గర మొదలైన మంట. అక్కడివాళ్ళకి చెప్పి ఉంచింది “మంట మీ ఫ్లాటులో కాకపోతే ఇంట్లోనే ఉండండి” అని. గోడలు మంటని ఒక్క ఫ్లాటులో ఆపగలిగిన రోజుల్లో అది సరైన మాటే. కానీ ఆ ముందటేడు బాగుచేతలప్పుడు భవనం చుట్టూ మండే గుణమున్న పలకలు తొడిగారు. మంట బయటి గోడ పట్టుకుని పైకి పాకింది. భవనం మారింది, మాట మారలేదు. ఇళ్ళలోనే ఉండమన్న సలహాని వెనక్కి తీసుకునేసరికి మంట మొదలై దాదాపు రెండు గంటలైపోయింది. మా భవనం భద్రంగా లేదు, మా మాట ఎవరూ వినడం లేదు అని అక్కడ కాపురమున్నవాళ్ళు కొందరు ముందునుంచే మొత్తుకుంటూ ఉన్నారు కూడా.

ఆ తర్వాత చేసిన నిబంధనలు 2023 జనవరి నుంచి ఇంగ్లండులో అమల్లోకి వచ్చాయి. భవనం చూసుకునేవాళ్ళు కాపురానికి వచ్చిన కొత్తవాళ్ళకి వెంటనే, అందరికీ ఏడాదికోసారి ఈ సూచనలు ఇచ్చి తీరాలి. అవి అక్కడ ఉండేవాళ్ళకి అర్థమయ్యే తీరులో ఉండాలని కూడా రాశారు. ఆ చివరి షరతు దగ్గర నేను ఆగిపోయాను. చెప్పడం కాదు, అర్థం కావడమే లెక్క అన్నమాట. వాళ్ళ కాగితం తెచ్చి మన గోడకి అతికించాలని నేననడం లేదు. ఇంట్లో ఉండాలా, దిగాలా అనేది ఆ భవనాన్ని బట్టి ఉంటుంది. వాళ్ళ మాట మనకి కుదరదు, మా మాట మీ భవనానికి కుదరకపోవచ్చు. మనం పట్టుకోవలసింది ఆ పద్ధతి.

భవనం మారితే మాట మారాలి. మన భవనాలు ఎన్ని మారాయో చూడండి. బాల్కనీలకి గ్రిల్లులు వచ్చాయి. మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, తులసి కుండీలు, సైకిళ్ళు వచ్చాయి. ఇంటికి మూడేసి ఏసీలు, కింద స్కూటర్ల చార్జింగులు వచ్చాయి. డాబాకి నా తాళం వచ్చింది. ఒక్కటి వచ్చినప్పుడైనా కూర్చుని “ఇప్పుడు మంటొస్తే ఎలా?” అనుకున్నామా?

మేం ఏం చేశామో చెబుతాను, గొప్పకి కాదు, ఎవరికైనా పనికొస్తుందని. ఒక శనివారం మధ్యాహ్నం మూడింటికి, అందరికీ వీలైన వేళ, డాబా నుంచి కిందిదాకా నడిచాం. 14 మంది ఆడవాళ్ళం, ఇద్దరు పనమ్మాయిలు. మెయిన్ ఏదో, ఎటు దింపాలో వాచ్‌మన్ భార్య చూపించింది. పేరుకి ఆమె మాకు పని చేస్తుంది, ఆ రోజు మాకు పంతులమ్మ. ఎర్ర సిలిండరు నింపే అతన్ని పిలిపిస్తే, పిన్ను లాగి, మంట మొదట్లోకి గురిపెట్టి, నొక్కి, అటూ ఇటూ ఊపమని మా చేత చేయించాడు. అందులో మందు కొన్ని సెకన్లే వస్తుందట. కాబట్టి చిన్న మంటకే, అదీ వెనక మనకి దారి ఉన్నప్పుడే. ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో చూడటం ఇప్పుడు మా ఒకటో అంతస్తు పాపకి కూడా వచ్చు. ప్రతి ఫ్లాటుకీ రెండో నంబరు గ్రూపులో చేరింది. నడవలేనివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో, ఎవరు వెళ్ళి తలుపు కొట్టాలో రాసుకున్నాం. తెలుగులో ఒక్క పేజీ రాసే పని నాకిచ్చారు. బి.ఏ. తెలుగు చదివి ఏం చేస్తావన్న వాళ్ళకి ఇన్నాళ్ళకి జవాబు దొరికింది. 101, 112 నంబర్లు పెద్దక్షరాల్లో పైన రాశాను.

ఇంకొకటి. అద్దెకుండేవాళ్ళు ఏడాది తిరక్కుండా మారిపోతుంటారు. అందుకని కొత్తవాళ్ళు పాలు పొంగించుకున్న రోజున బొట్టు పెట్టి పలకరించడానికి వెళ్ళే ఇద్దరం ఆ కాగితం కూడా పట్టుకెళ్తున్నాం. ఇచ్చి రావడం కాదు, మెట్లు, మెయిన్, డాబా చూపించి వస్తున్నాం. చదువు రాని పనమ్మాయికి నోటితో చెబుతున్నాం. ఆ పిల్ల రోజుకి ఐదిళ్ళలో పని చేస్తుంది, ఐదిళ్ళకీ మోసుకెళ్తుంది.

అన్నీ సరిపోయాయని చెప్పను. మీటర్ల బోర్డు మార్చాం, డబ్బుల దగ్గర నాలుగు నెలలు దెబ్బలాడుకున్నాం. చెప్పుల స్టాండ్లు కొన్ని ఇంకా మెట్ల మీదే ఉన్నాయి. “ఇలా ప్రచారం చేస్తే ఫ్లాటు కొనేవాడు రాడు” అని అమ్ముకుందామనుకుంటున్న ఒకాయన ఇప్పటికీ మొహం తిప్పుకుంటారు. నా మటుకు, వైరింగు వేడెక్కుతోందని చెప్పి మార్చే చోట కొనుక్కుంటాను గానీ, చెప్పకుండా అమ్మే చోట కాదు. మా వారు మాత్రం మారారు. కమిటీలో ఏం మాట్లాడుకున్నారో భోజనాల దగ్గర చెబుతున్నారు. కొన్ని రాత్రులు నాకు నిద్ర పట్టని మాట నిజం. పట్టకపోతే పోయింది.

ఇక ఆ తాళం సంగతి. చెవి ఎవరి దగ్గర ఉంచాలి, అద్దాల పెట్టెలో పెడదామా, ఐదో అంతస్తు వాళ్ళకిద్దామా అని మీటింగులో గంటసేపు వాదించుకున్నాం. మా అత్తయ్యగారు కుర్చీలోంచి, “కోతులొచ్చేది డాబా మీదినుంచి కదుటే. మెట్ల వైపు గడియ పెడితే చాలు, తాళం దేనికి?” అన్నారు. అంతే. పైన ఎవరూ లేరని చూసుకుని గడియ పెడుతున్నాం. మెట్లవైపు నుంచి ఎవరైనా ఒక్క చేత్తో తియ్యొచ్చు. ఆవిణ్ణి మూడేళ్ళ కిందట ఎవరూ అడగలేదు.

ఇవాళ సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారి మీ డాబా దాకా వెళ్ళి రండి. తలుపు తెరుచుకుంటుందో లేదో చూడండి. తెరుచుకోకపోతే, చెవి ఎక్కడుందో అడగండి.